వైర్‌లెస్‌లో మా ఆయన

పద్నాలుగు నెలల తర్వాత మా ఆయన పనిచేసే ఓడ మా రేవు బయట ఆగింది. ఒకే ఒక్క రోజు. సిబ్బంది ఒడ్డుకు దిగడానికి వీల్లేదు. అయితేనేం, ఓడలకు కూరగాయలూ మంచినీళ్లూ వేసే పడవ నాది. ఆయన దిగలేకపోతే నేనే వెళ్తాను. ఎదురుగా నిలబెట్టి ఒక్క మాట చెప్పాలి, మళ్లీ ఏడాదికి ఓడ ఒప్పందం మీద సంతకం పెట్టొద్దని. ఇంకొక్క ఏడాది చేస్తే పెద్ద పడవ కొనుక్కోవచ్చని ఆయన ఆశ. ఫోన్లో అడిగితే "చూద్దాంలే" అంటాడు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

పొద్దున్నే బయల్దేరుతుంటే మా అత్త తనూ వస్తానని ఎక్కి కూర్చుంది. మొగుడూ పెళ్లాల మధ్య ఈవిడెందుకని లోపల్లోపల గొణుక్కున్నాను. సగం దూరం వెళ్లామో లేదో, గాలి విరుచుకుపడింది. ముందుకు పోయే దారి లేదు. గొణుగుడు దిగమింగి, అత్త చూపించిన రాళ్లగుట్ట చాటుకు పడవ తిప్పి లంగరు వేశాను. అప్పటికే అక్కడ ఐదు పడవలు తలదాచుకుని ఉన్నాయి.

తాడు పొట్టిగా కట్టబోతే అత్త కసిరింది. పొట్టిదైతే లంగరు లేచిపోతుందట, ఉన్నదంతా వదలమంది. ఆవిడ పడవ ముందు భాగంలో చతికిలబడి తాడు మీద అరచెయ్యి ఆనించింది. అడుగున లంగరు జారితే తాడు వణుకుతుంది, చేతికి తెలుస్తుంది. నీళ్లు మొహాన కొడుతున్నా రెండు గంటలు ఆ చెయ్యి తియ్యలేదు.

నా చూపు మాత్రం ఓడ మీదే. దాని పై అంతస్తులో చీమంత మనిషి కదిలితే చాలు, ఆయనే అనుకున్నాను. అలా ఓ పదిమందిని మా ఆయన్ని చేసుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆయన దిండు గలీబు ఈ పద్నాలుగు నెలలూ ఉతకలేదు. ఆ వాసన ఎప్పుడో పోయింది, నేనే ఒప్పుకోలేదు.

అంతలో పడవలోని వైర్‌లెస్ పలికింది. పెద్ద ఓడల లంగర్లు కూడా జారుతున్నాయి, ఆ ఓడలన్నీ వెంటనే లోతు సముద్రంలోకి వెళ్లిపోవాలని రేవు ఆఫీసు ఉత్తర్వు. ఓడ కదిలేలోపే చేరుకోవాలని ఇంజను తాళం మీద చెయ్యి వేశాను.

"ఆ పని చేస్తే వాడికి మనం మిగలం" అంది అత్త, వెనక్కి తిరగకుండానే. చెయ్యి తీశాను.

కాసేపటికి అదే వైర్‌లెస్‌లో మా ఆయన గొంతు. ఎవరి కాళ్లు పట్టుకున్నాడో, మాట్లాడనిచ్చారు. అన్నం తిన్నారా అని అడిగాడు. చుట్టూ ఉన్న పడవలన్నీ వింటాయి కదా అని, తిన్నామండీ, మీరు తిన్నారా అన్నాను. ఇంట్లో ఏనాడూ ఆయన్ని మీరు అన్న పాపాన పోలేదు. ఎవడో వైర్‌లెస్‌లోనే కిసుక్కున నవ్వాడు.

ఓడ లంగరు లేస్తోంది. ఇక పరువు చూసుకుంటే కుదరదనుకుని మైకు బటన్ నొక్కాను.

"సంతకం పెట్టకు. పెద్ద పడవ నాకొద్దు, నువ్వు కావాలి. ఈ చిన్నదాని మీదే ముగ్గురం బతకొచ్చు. నువ్వు లేని ఇంట్లో ఉండటం నా వల్ల కావట్లేదు."

బటన్ నొక్కి ఉన్నంతసేపూ అవతలి మాట వినపడదు. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు, అయినా వేలు తియ్యలేదు. తీస్తే జవాబు వస్తుంది.

"వాణ్నీ మాట్లాడనీవే" అంది అత్త మెల్లగా.

వేలు తీశాను. కాసేపు గరగరమని చప్పుడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నిన్ననే పెట్టేశానే" అన్నాడు. "మన ఒడ్డు కనిపించగానే పెట్టేశాను. నిన్ను చూశాక పెట్టలేనని తెలుసు."

తిడదామని మళ్లీ బటన్ నొక్కాను. నోటి దాకా బోలెడు తిట్లు వచ్చాయి. జాగ్రత్తగా వెళ్లు అని మాత్రం అనగలిగాను.