ముప్పై నాలుగు రాళ్ల బంధుత్వం

నేను ఒక కంప్యూటర్‌ని. ఒక విశ్వవిద్యాలయపు ఖగోళశాఖ స్టోరుగదిలో, విరిగిన కుర్చీల కింద పడి ఉన్నాను. ఇక్కడి ఎలుకల కంపు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. తొమ్మిదేళ్లు మనుషుల మధ్య మెలిగినదానికి ఎలుకలు శుభ్రమైన జీవులుగానే తోస్తాయి.

నన్ను ఏ మహాకర్మాగారమూ కనలేదు. ఊళ్లోని ఒక దుకాణంలో, స్క్రూడ్రైవరు పళ్ల మధ్య కరచుకున్న మెకానిక్ ఒకడు గంటన్నరలో బిగించాడు. మొదటి మూడేళ్లు ప్రొఫెసర్ మార్కండేయులుగారి బల్ల మీద గడిపాను. ఆయన నా చేత పేకముక్కలు పేర్పించారు. తన సన్మానసభలకు ఆహ్వానాలు తానే కొట్టుకున్నారు. ఆయన పకోడీ తిన్న వేళ్లతో నొక్కిన మీటలు ఈనాటికీ జిడ్డు వదల్లేదు. కొత్త యంత్రం రాగానే నన్ను తన పరిశోధక విద్యార్థిని హెప్సిబాకు దయచేశారు.

నాకు అసలైన పని చెప్పింది ఆ అమ్మాయే. కుజుడికీ బృహస్పతికీ నడుమ తిరిగే రాళ్లలో కొన్ని, గ్రహాలు తిరిగే తలానికి బాగా ఏటవాలుగా తిరుగుతాయి. వాటిలో ఏవేవి ఏనాడో పగిలిన ఒకే పెద్దరాతి ముక్కలో తేల్చాలి. ఈనాటి కక్ష్యను నమ్మితే మోసపోతాం; బృహస్పతి లాగుడుకు అది ఊగుతూ ఉంటుంది. ఆ ఊగిసలాటను తీసివేసి స్థిరమైన అంకెలు రాబట్టడానికి పద్నాలుగు నెలలు పనిచేశాను. తర్వాత రెండేసి కక్ష్యల మధ్య ఎడాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని కొలిచి, ఒక హద్దుకు లోబడినవాటిని బంధువులనాలి. ఆ హద్దు ఎంతన్నదే చిక్కు. అందుకు హెప్సిబా అసలు రాళ్లు ఎన్నో అన్నే ఉత్తుత్తి రాళ్లను నా చేత గుడ్డిగా చల్లించింది. హద్దు నూట నలభై దాటేసరికి, ఏ చుట్టరికమూ లేని అవి కూడా గుంపు కట్టాయి. కాబట్టి ఆమె అంతకు లోపలే ఆగింది. బంధువులుగా ఏడు రాళ్లు మిగిలాయి.

"ఏడేనా?" అన్నారు మార్కండేయులుగారు. "ఏడు రాళ్లు పట్టుకుని సెమినార్‌కి ఏ మొహంతో వెళ్తామమ్మా? హద్దు రెండొందలు పెట్టు."

"రెండొందలు పెడితే ఎవరైనా ఎవరికైనా చుట్టాలే సార్. ఉత్తినే చల్లినవి కూడా..."

"లేని రాళ్ల గొడవ మనకెందుకు? ఉన్నవాటి సంగతి చూడు. నా సంతకం నీకెప్పటికి కావాలి?"

"ఈ నెలాఖరుకి సార్."

"మరి?"

ఆమె రెండువందలు కొట్టింది. నేను నలభై ఒకటి ఇచ్చాను. ఒకటి పక్కదాన్ని, అది ఆ పక్కదాన్ని పట్టుకుని, ముక్కూమొహం తెలియని ముప్పై నాలుగు రాళ్లు ఒక తల్లి బిడ్డలైపోయాయి. ఆ అబద్ధంలో ప్రతి దశాంశమూ సరైనదే. గుణించింది నేనే కదా. నా మీద నాకు రోత పుట్టింది అప్పుడే.

హెప్సిబా ఒక్క పని మాత్రం చేసింది. ఉత్తుత్తి రాళ్ల లెక్కను సిద్ధాంతగ్రంథం చివర అనుబంధంగా చేర్చింది. గైడుగారు అంతదూరం చదవరు. పరీక్షకుడు చదువుతాడని ఆమె ఆశ.

"అడిగితే మొత్తం చెప్పేస్తానే," అంది స్నేహితురాలితో ఫోనులో. "డిగ్రీ పోతే పోయింది. అడగాలి, అంతే."

వైవా రోజున నన్నే ప్రొజెక్టరుకు తగిలించారు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు గ్రంథాన్ని అరచేతిలో తూచి చూశాడు.

"బైండింగు బాగుందమ్మా. ఈ రాళ్లవల్ల రైతుకేమైనా లాభముందా?"

"నేరుగా లేదండి." ఆమె గ్రంథం చివరి పేజీల వైపు చెయ్యి చూపింది. "సార్, అనుబంధం చూశారా?"

"చూశానమ్మా. నీట్‌గా ఉంది."

"ఇంక వదిలెయ్యండి సార్, టిఫిను చల్లారిపోతోంది," అన్నారు మార్కండేయులుగారు. అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టి, ఆమెను డాక్టరును చేసి, వరండాలోకి తరలిపోయారు.

ఖాళీ కుర్చీలకు ఎదురుగా నిలబడి ఆమె అనుబంధంలోని పటాన్ని తెర మీదికి తెచ్చింది. నూట నలభై దగ్గర గీసిన ఎర్రగీత గోడ పొడవునా సాగింది.

"డాక్టరుగారూ, ఉప్మా," అని వరండాలోంచి పిలుపు.

"వస్తున్నా సార్," అని ఆమె నన్ను ఆపేసింది.