జోడీ తప్పిన బ్లేడ్లు

పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా నేను పాత టూత్‌బ్రష్‌తో బ్లేడ్ల సందుల్లోంచి ఊరివాళ్ల వెంట్రుకలు తీస్తుంటాను. మా కోరుట్లలో మంగళవారం సెలూన్లు మూసేస్తారు. వాళ్లకు సెలవైన రోజే మా ఇంటికి పండగంత పని. సోమవారం సాయంత్రానికే కటింగ్ మిషన్ల బ్లేడ్లు సంచులతో వచ్చిపడతాయి. "సానబట్టుడంత నేనే. మా ఇంటామె జర తుడుస్తది, గంతే" అని మా ఆయన శ్రీశైలం వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. మొదట్లో ఆ మాటకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఒళ్లు మండేది. ఆ మంటలో పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా మరిచిపోయేదాన్ని.

నిజానికి ఆరేళ్లుగా సాన పడుతున్నది నేను. ఆయనకు ఓపిక తక్కువ. తిరిగే ఇనుప పళ్లెం మీద బ్లేడును అదిమేస్తాడు, అది వేడెక్కి నీలం తిరుగుతుంది. నాకు ఈ పని నేర్పింది పక్క గల్లీ మైమూనా బీ. పిన్నిలాంటిదని ఖాలా అని పిలుస్తాను. భర్త పోయాక కత్తెరల సాన చక్రం తనే తిప్పుకుని ఇల్లు నడిపిన మనిషి. నా వేలి మీద తన వేలు పెట్టి, "దబాయించకు బిడ్డా, ఇనుముకు గుస్సా అస్తది. ఉత్తగ తాకు, చాలు" అనేది. ఆమె రుణం ఈ జన్మకు తీరదు. పళ్లెం మీద బ్లేడు సన్నగా మోగుతున్నంతసేపూ నన్నెవరూ పిలవని చోట కూర్చున్నట్టుంటుంది నాకు.

ఆమె గట్టిగా చెప్పిన మాట ఇంకొకటుంది. మిషన్‌లో రెండు బ్లేడ్లుంటాయి. కింది పెద్దది కదలదు, పై చిన్నది ఆగదు. ఒకదానితో ఒకటి అరిగి కుదురుకుంటాయి. జోడీ మారితే వెంట్రుకను కొయ్యవు, పీకుతాయి. "కదలంది మొగోడు, ఆగంది ఆడిది" అని నవ్వేది మైమూనా బీ. అందుకే ప్రతి జోడీనీ దారంతో కట్టి పెడతాను.

పోయిన మంగళవారం నాకు జ్వరం. జగిత్యాలలో కుక్కలకు స్నానం చేయించి బొచ్చు కత్తిరించే పద్మజ ఐదు జోడీలు పంపింది. మా ఆయన దారాలన్నీ విప్పి, అన్నిటినీ ఒకే డబ్బాలో కడిగి, తనే సాన పట్టి, చేతికి దొరికినవి దొరికినట్టు కలిపి పంపేశాడు.

శుక్రవారం పద్మజ ఆ డబ్బాతోనే వచ్చింది. ఏడ్చినట్టుంది.

"అన్నా, బొచ్చు గుంజితె కుక్కపిల్ల ఒకటే మొత్తుకున్నది. గా ఓనరమ్మ నన్ను ఎన్ని మాటలన్నదో! ఎవలు చేసిండ్రు గీ పని?"

మా ఆయన వంటింటి వైపు తిరిగాడు. "నవనీతా, తుడుసుకుంట తుడుసుకుంట జోడీలు కలిపేసినవా ఏంది?" మళ్లీ ఆమెతో, "ఆడోళ్ల పని మేడం, ఏమనుకోకుర్రి."

మంచిపేరు ఆయన తీసుకుంటే ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు తప్పు నా నెత్తిన పెడుతున్నాడు. ఇప్పుడూ ఊరుకుంటే నా చెయ్యి చెడ్డదని నేనే ఒప్పుకున్నట్టు. గరిటెతోనే బయటికి వచ్చాను.

"గా దినం నాకు జరముండె. గివి నేను ముట్టలే. ఆరేండ్ల సంది మంచిగ తెగినయన్ని నేను పట్టినయే."

మా ఆయన డబ్బా మూత తీసి లోపలి బ్లేడ్లు చూశాడు. కాదనలేదు. అందుకూ నాకు కృతజ్ఞతే. నలుగురి ముందు నోరు మూసుకోవడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు.

పద్మజ డబ్బా ఆయన ముందు నుంచి తీసి నా చేతిలో పెట్టింది. "గట్లయితె నువ్వే చెయ్యక్కా. రేపచ్చి తీస్కపోత."

అరుగుదల గీతలు చూసి జోడీలు కలుపుకున్నాను. మధ్యాహ్నమంతా సాన పట్టాను. పప్పు ఆయనే దించుకుని, ఆయనే వడ్డించుకున్నాడు. సాయంత్రం ఒక జోడీ తీసుకుని మైమూనా బీ దగ్గరికి వెళ్లాను. ఆమెకిప్పుడు చూపు ఆనదు. ఎవరు పట్టారో నేను చెప్పలేదు. బొటనవేలితో బ్లేడు పళ్ల మీద మెల్లగా రాసి చూసింది. మళ్లీ రాసింది.

"గిది నా చేతి పనే" అంది. "ఎప్పుడు పట్టిన్నో యాదికి లేదు."

నా పనిని మా ఆయన తనదన్న ప్రతిసారీ కడుపు రగిలిపోయేది. ఆమె తనదనగానే ఆ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను.

"అవును ఖాలా, నీదే" అన్నాను.