పూజయిన బండి

రేణిగుంట దగ్గర వెంకటేశ్వర్లు గారి చింతపండు కోల్డ్ స్టోరేజీకి బస్తాలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ ఎంచే పని రేవతి మీద పడింది. ఆమె అక్కడ సూపర్‌వైజరు. నాలుగు చోట్ల విచారించి, ఒకే మాట రాసిచ్చింది: లోపల గాలి ఆడదు, బ్యాటరీతో నడిచే బండే కావాలి. వెంకటేశ్వర్లు గారు ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పాత డీజిల్ బండి కొనుక్కొచ్చారు. బండి అన్నాక గర్జించాలట ఆయనకు. సలహా అడిగి తన ఇష్టం వచ్చినట్టు చేసే మనుషులకు మన దగ్గర కొదవ లేదు.

సంగతి తెలిసి రేవతి గేటు దగ్గరికి పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. బండికి పసుపు, కుంకుమ, తిరుమల నుంచి తెచ్చిన దండ. గూడూరు నిమ్మకాయలు చక్రాల కింద నలిగి ఉన్నాయి. సీట్లో కూర్చుని నవ్వుతున్నది ఆమె నాయన మునివెంకటప్ప. ముప్పై ఏళ్లు ట్రాక్టరు తోలిన మనిషి, ఈ బండి ఆయనకే అప్పగించారు.

"సార్, ఇది వద్దు. తలుపులు మూసిన గదిలో దీని పొగ ప్రాణాలు తీస్తాది. వాపసు పంపించేయండి," అంది రేవతి పక్కనే నిలబడ్డ వెంకటేశ్వర్లు గారితో.

"పూజయిన బండిని ఎవురన్నా ఎనక్కి పంపుతారామ్మా? అంతకన్నా అరిష్టం ఇంకోటి ఉండాదా?"

నాయన కూడా ఆయన వైపే. "స్వామి దండ ఏసినాక ఇంగ మన సేతిలో లేదు పాపా. నాకేం గాదులే."

అరిష్టం అన్న మాటకు రేవతి వెనక్కి తగ్గింది. ఎంత చదువుకున్నా ఆ భయం ఆమెకూ ఉంది. బండి తీసుకున్నట్టు సంతకం పెట్టేసింది. ఒక్క షరతు మాత్రం పెట్టింది: బండి లోపల తిరిగినంతసేపూ పెద్ద తలుపు తెరిచే ఉంచాలి.

మొదటి రోజు నాయనకు తలనొప్పి. రెండో రోజు బస్తాలు సర్దే కోమలి కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. దిష్టి తగిలిందన్నారు, గుమ్మడికాయ కొట్టారు. పొగకు దిష్టి తీస్తే పోతుందా! ఆ సాయంత్రం నాయన రెండు ముద్దలు తిని, వాంతి వచ్చేట్టుందని లేచాడు.

"రేపట్నించి పోవద్దు నాయనా."

"సీజన్లో పోకపోతే ఎట్లమ్మీ? నీకు మాట రాకూడదు."

మూడో రోజు పొద్దున వెంకటేశ్వర్లు గారు అందరి ముందూ రేవతి మీద కేకలేశారు. "సల్లదనమంతా బయటికి పోతా ఉండాది. సరుకు నల్లబడితే నువ్వు తింటావా? ఇంకా ఈ తలుపు తెరిసే ఉంటే రేపట్నించి నువ్వు పనికి రావద్దు."

రేవతి బ్యాటరీ బండి అద్దెకైనా దొరుకుతుందేమోనని బస్సెక్కి చిత్తూరు వెళ్లింది. దొరికింది. మర్నాడే పంపుతామన్నారు. ఆ కబురు చెబుదామని నాయనకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తిరుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయింది.

మధ్యాహ్నం మూడింటికి వచ్చేసరికి పెద్ద తలుపు మూసి ఉంది. లోపల ఇంజను ఆడుతూనే ఉంది, బండి కదిలే చప్పుడు మాత్రం లేదు. బయట బస్తాల దగ్గరున్న కోమలిని కేకేసింది, ఇద్దరూ కలిసి తలుపు లాగారు. పొగ మొహాన కొట్టింది. మునివెంకటప్ప స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు.

రేవతి తాళం తిప్పి ఇంజను ఆపింది. నాయన భుజం పట్టుకుని కదిపింది. ఒళ్లు చల్లగా తగిలింది. ఈ గదిలో అన్నీ చల్లగానే ఉంటాయని తనకు తాను చెప్పుకుంది. బయటికి మోసుకొచ్చి ఎండలో పడుకోబెట్టారు. ఊపిరి లేదు.

"తలుపు ఎవరు మూసినారు?" రేవతి గొంతు చించుకుని అరిచింది. "ఆ సారేనా?"

కోమలి కాదన్నట్టు తల ఊపింది. "మీ నాయనేమ్మా. ఈడ పొగలో మీరుండొద్దని మమ్మల్నంతా బయటికి పంపిచ్చినాడు. 'నా బిడ్డ పని పోకూడదు' అంటా, తనే లోపల్నించి మూసుకున్నాడు."