మూడో చోటు

మా అన్నయ్య డూగల్, నేనూ ఇరవై రెండేళ్లు పక్కపక్కనే వంగి గొర్రెల ఉన్ని కత్తిరించాం. ఆస్ట్రేలియాలో మా బాల్రనాల్డ్ చుట్టుపక్కల ఏ కత్తిరింపు షెడ్డుకెళ్లినా, వరసలో మూడో చోటు అన్నయ్యది, నాలుగోది నాది. అన్నయ్య రోజుకు నూట అరవై గొర్రెల ఉన్ని దించేవాడు. నేను కాస్త వెనకబడితే చాలు, "ఏరా రెజ్, దాన్ని కత్తిరిస్తున్నావా, జోకొడుతున్నావా?" అని మిషన్ల రొదలోంచి అరిచేవాడు.

యాభై ఒకటో ఏట అన్నయ్య నడుం పోయింది. ఎడమ కాలు తిమ్మిరెక్కి, పట్టుకున్న గొర్రెతో సహా కూలబడ్డాడు. మెల్‌బోర్న్‌లో డాక్టర్ కెస్లర్ అనే ఆవిడ ఆపరేషన్ చేసింది. నడుం అడుగున మూడు ఎముకల్ని ఆరు స్క్రూలూ రెండు కడ్డీలతో బిగించి, మధ్యలో ఎముక ముక్కలు పేర్చింది. అవన్నీ కలిసి ఒకే ఎముక కావాలి. "ఏడాది పడుతుంది," అంది.

ఏడాది తర్వాత షెడ్డుకు వెళ్లొచ్చని అన్నయ్యకు అర్థమైంది. నాకూ అలాగే అర్థమైంది. అందుకే మూడో చోట్లో ఎవర్నీ నిలబడనివ్వలేదు. నా సంచీ అక్కడ పెట్టి ఉంచేవాణ్ణి. కంట్రాక్టరు విసుక్కున్నాడు. చివరి మూలన చీకట్లో కత్తిరించే టెస్ అనే పిల్ల, "మీ అన్నకి కిరీటం కూడా చేయించకపోయావా?" అని దెప్పేది.

ఆదివారం ఆదివారం అన్నయ్య ఫోన్ చేసేవాడు.

"షెడ్డు వాసన ఎలా ఉందిరా?"

"గొర్రె పెంట వాసన. ఇంకెలా ఉంటుంది?"

"అదే. చెప్పు."

ఒకసారి పనిరోజున చేసి, ఫోన్ కిటికీలో పెట్టి పని చేసుకోమన్నాడు. విరామం గంట కొట్టాక వచ్చి చూస్తే లైను ఇంకా కలిసే ఉంది. రెండు గంటలు మిషన్ల చప్పుడు వింటూ కూర్చున్నాడు.

ఎనిమిదో నెలలో, పక్క మీద ఒత్తిగిలితే నడుంలో ఏదో కటుక్కుమంటోందని చెప్పాడు. చెప్పడానికి ముందు మూడు వారాలు దాచాడు. నేనే బండిలో తీసుకెళ్లాను. డాక్టరమ్మ స్కాన్ చూపించింది. అన్నిటికన్నా కింద ఉన్న రెండు స్క్రూల చుట్టూ నల్లటి గీత, వలయంలా.

"ఈ రెండూ వదులయ్యాయి," అంది.

అన్నయ్య ఆ గీత మీద వేలు పెట్టాడు. "మళ్లీ కోస్తారా?"

"ఇప్పుడే కాదు. శ్లాబు గట్టిపడేదాకా కింద కర్రలు పెడతారు కదా, స్క్రూలు అలాంటివే. కర్ర కదిలినంత మాత్రాన శ్లాబు పోయినట్టు కాదు. ఇదిగో, ఇక్కడ కొత్త ఎముక సన్నగా పడుతోంది. దాన్ని పెరగనివ్వాలి. మీరు సిగరెట్లు మానలేదు కదూ?"

అన్నయ్య నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"అవి ఎముకను అతుక్కోనివ్వవు. మానండి. రోజూ నడవండి. బరువులెత్తకండి, నడుం వంచకండి. నాలుగు నెలల తర్వాత కూడా అతక్కపోతే, అప్పుడు మళ్లీ ఆపరేషన్ సంగతి చూద్దాం."

ముప్పై ఏళ్ల అలవాటు ఆ రోజే మానేశాడు. నోరూరుకోక బఠాణీలు నమిలేవాడు, ప్రతివాడి మీదా కసిరేవాడు. పొద్దున్నే నది గట్టు వెంట నడిచేవాడు, మొదట వంతెన దాకా, తర్వాత పంపుహౌసు దాకా. అవతల గట్టున గొర్రెల్ని తోలుకెళ్తుంటే కనుమరుగయ్యేదాకా నిలబడి చూసేవాడని పక్కింటావిడ చెప్పింది.

నాలుగు నెలలయ్యాక మళ్లీ స్కాన్. వలయాలు అలాగే ఉన్నాయి. కానీ ఎముకల మధ్య తెల్లగా, తెగకుండా వంతెన పడింది.

"అతుక్కుంది," అని నవ్వింది డాక్టరమ్మ. "ఆ స్క్రూలతో ఇక పనిలేదు. నొప్పి పెట్టకపోతే అలాగే ఉండనిద్దాం."

"అయితే మార్చిలో షెడ్డుకెళ్తా."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "నడవండి, బండి నడపండి, చేపలు పట్టండి. కత్తిరింపు మాత్రం వద్దు, డూగల్. కింద మూడూ ఒకటైపోయాయి. వంగితే భారమంతా పైదాని మీద పడుతుంది. ఏడాదిలో అదీ పోతుంది."

ఐదు గంటల దారి. అన్నయ్య దారి పొడుగునా పొలాల్లోని గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా అన్నాడు: "ఆ చోటు టెస్‌కి ఇచ్చెయ్."

"ఇంకో ఏడాది చూద్దాంలే, అన్నయ్యా."

"నీ సంచీ తియ్యరా."

మార్చిలో అన్నయ్య షెడ్డులో కత్తులకు సాన పట్టే పనికి వచ్చాడు, నిలబడి చేసే పని. టెస్ మూడో చోట్లో మొదటి గొర్రెను పడేసింది. అన్నయ్య కాసేపు చూసి ఉండబట్టలేక, "ఎడమ కాలు ఇంకాస్త ముందుకెయ్, అమ్మాయ్," అన్నాడు.

"సానరాయి అటుంది, తాతా," అంది టెస్ తలెత్తకుండానే. కానీ కాలు జరిపింది.

అన్నయ్య పడీపడీ నవ్వాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

టీ వేళకు చూస్తే సాన దగ్గర లేడు. వెనక దొడ్లోకి వెళ్లాను. ఇంకా కత్తిరించని గొర్రెల మధ్య, కర్రలా నిటారుగా నిలబడి ఉన్నాడు. గొర్రెల్ని షెడ్డులోకి ఎక్కించే ర్యాంపు మీదున్న ఒక ముసలి గొర్రె వీపు అతని చేతులకు సరిగ్గా అందింది. వాటిని మణికట్ల దాకా ఉన్నిలో ముంచి కళ్లు మూసుకున్నాడు.

"టీ చల్లారిపోతుంది, అన్నయ్యా."

"ఉండరా," అన్నాడు. "కాసేపు."

నేనూ ఉన్నాను.