గీతల్లేని చోటు

లోహం మీద గీతను పోగొట్టడం ఎవరి వల్లా కాదు. చుట్టూ ఉన్న లోహాన్నంతా ఆ గీత లోతుకు దించాలి. అప్పుడు గీత ఉండదు. దానితోపాటు కొంత లోహమూ ఉండదు. చెన్నకేశవులు ఈ మాట అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

మాచర్లలో పాత బుల్లెట్ బండ్లున్నవాళ్లు ఇంజను కవర్లు, సైలెన్సర్లు మెకానిక్ సుభానీకి ఇచ్చేవాళ్లు. సుభానీ వాటిని గోనెసంచిలో వేసుకుని చెన్నకేశవులు ఇంటికి తెచ్చేవాడు. ఆ ఇంటి వెనక వసారాలో ఒక మోటారు, దానికి బిగించిన గుడ్డ చక్రం, గోడ మేకులకు గరుకును బట్టి వరసగా గుచ్చిన ఉప్పు కాగితాలు ఉండేవి. ఒకప్పుడు అది వంట వసారా. భార్య వాసంతి పోయాక పొయ్యి పీకి అక్కడ మోటారు పెట్టుకున్నాడు.

"బాబాయ్, నువ్వు రుద్దిన కవర్లో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. నీ మొహం మాత్రం ఎంత రుద్దినా మెరవదు," అనేవాడు సుభానీ.

"మెరిసి ఎవరికి చూపియ్యాలిరా? సంచి దించి పో."

ఒక మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగితే సుభానీ అనుకుని తల ఎత్తలేదు. దిగింది కోటేశ్వరమ్మ. అతనికి స్వయానా మేనత్త, వాసంతికి తల్లి. కూతురి పెద్దకర్మ తర్వాత ఇన్నేళ్లలో ఆవిడ ఆ గడప తొక్కలేదు. తొక్కమని అతనూ పిలవలేదు.

పిల్లల్లేకుండా పోయిన ఆడదాని సారె సామాను పుట్టింటికి తిరిగిపోవడం ఆ ఇళ్లలో ఆచారం. ఆచారాన్ని అతను కాదనలేదు. కాని పెద్దకర్మ మర్నాడే, చుట్టాలింకా ఇంట్లో ఉండగానే, ఆవిడ కొడుకు ఒక్కో గిన్నె తిరగేసి, దాని మీద కొట్టిన పేరు చదివి, ట్రాక్టరుకు ఎక్కించాడు. ఆవిడ గడపలో నిలబడి చూసింది, ఒక్క మాట అడ్డం చెప్పలేదు. సాయంత్రానికి ఇంట్లో వాసంతి పేరున్న గరిటె కూడా మిగల్లేదు. చెన్నకేశవులు ఆ రాత్రి కుండలో నీళ్లు దోసిలితో తాగాడు. దాన్ని మరిచిపోయే ఉద్దేశం అతనికి లేదు.

"కూర్చోమనవా?" అంది కోటేశ్వరమ్మ.

"కూర్చో. ఎవరొద్దన్నారు?"

ఆవిడ గోనెపట్టా విప్పి ఇత్తడి బిందె బయటికి తీసింది. చూడగానే అతని చేతిలో ఉప్పు కాగితం ఆగింది.

"మా అమ్మదిరా ఇది. మీ నాయనమ్మ బిందె. నాకిచ్చింది, నేను వాసంతికిచ్చా. ఇప్పుడు యశస్వినికి పెళ్లి కుదిరింది. నా మనవరాలికి నేను పెట్టాల గదా."

"పెట్టు."

"అద్దంలాగా చెయ్యాల. పేరు తీసెయ్యాల."

అతను ఆగిన కాగితాన్ని మళ్లీ ఇంజను కవరు మీద ఆనించాడు.

"పేటలో మెరుగు పెట్టేవాళ్లనడిగా. పేరు తీస్తే అక్కడ పల్లం పడుద్ది, చూడంగానే తెలిసిపోద్ది అన్నారు. పల్లం లేకుండా తీసేది నువ్వేనంట."

"పేరుంటే ఏంది?"

"ఏందంటావేందిరా! పిల్లల్లేకుండా పోయినదాని పేరు సారె బిందె మీద ఉంటే వియ్యపురాలు ఊరుకుద్దా?"

"ఆ పోయినదానికి నువ్వు తల్లివి."

"ఉన్నదానికి నాయనమ్మని. పోయినదానికి ఏం చెయ్యగలనురా? ఉన్నదానికన్నా చెయ్యాల గదా."

"నేను తియ్యను. తీసుకుపో."

"నువ్వు తియ్యకపోతే మా బజార్లో గేట్లు చేసేవాడి దగ్గర గ్రైండరుంది. వాడే గీకుతాడులే."

గ్రైండరు అనేసరికి అతని పళ్లు పులిశాయి. దాన్ని పెడితే బిందె ఎలక కొరికిన కొబ్బరిచిప్ప అవుతుంది. "అక్కడ పెట్టి పో. చేసి కబురు చేస్తా," అన్నాడు. మంచినీళ్లు ఇవ్వలేదు. ఆవిడ అడగనూ లేదు.

ఆవిడ వెళ్లాక బిందెను వెలుతురులో తిప్పి చూశాడు. మెడ కింద చుక్కలు చుక్కలుగా వాసంతి పేరు. ఆ ఇంట్లో పది దాకా చదివిన మొదటి ఆడపిల్ల తన పేరు తనకు కనపడాలని పట్టుబట్టి కొట్టించుకుంది. బిందె అంతా నల్లగా కిలుం పట్టి ఉంది. పేరున్న చోట మాత్రం కిలుం లేదు. చుక్కలు అరిగి ఉన్నాయి. కొన్ని వేలికి తగులుతున్నాయే గాని కంటికి ఆనడం లేదు.

అతనికి మొత్తం అర్థమయినట్టే అనిపించింది. ఇంట్లోనే తీసెయ్యాలని చూసింది. చింతపండు, ఇటికపొడి, చేతికి దొరికిందల్లా పెట్టి కూతురి పేరును తోమింది. చేత కాలేదు. సగం పని చేసి, మిగతా సగం ఆ కూతురి మొగుడి చేత చేయించడానికి ఆటో ఎక్కి వచ్చింది.

"సగం చేశావుగా. మిగతాది నేను చేసి నీ మొహాన కొడతా," అన్నాడు వసారాలో ఎవరూ లేకపోయినా.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. పేరుకు అవతలి వైపు నుంచి. ముందు గరుకు కాగితంతో అడ్డంగా, తర్వాత అంతకన్నా సన్నదానితో నిలువుగా. ముందు కాగితం పెట్టిన గీతలు ఒక్కటి కూడా మిగలకుండా పోయేదాకా తర్వాతి కాగితం ముట్టకూడదు. తొందరపడి ముట్టినవాడికి చివర్లో, చక్రం మీద మెరుపు వచ్చాక, ఆ మొదటి గీతలు బయటపడతాయి. అప్పుడు మళ్లీ మొదటికి రావాలి. మెరుపు దేన్నీ దాచదు. మసకే దాస్తుంది.

సుభానీ వచ్చి కవర్ల సంగతి అడిగాడు.

"కాలా."

"ఏంది బాబాయ్, బుల్లెట్లు మానేసి బిందెలు పట్టావా? పెళ్లిగాని చేసుకుంటున్నావా ఏంది?"

"నోరు ముయ్యి."

సుభానీ బిందెను వంగి చూశాడు, పేరు చదివాడు. ఖాళీ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

చక్రానికి మెరుగు సబ్బు అద్ది దాని మీద పెట్టేసరికి బిందె వెలగడం మొదలుపెట్టింది. మసి చేతులకూ ముక్కుకూ పట్టింది. మోటారు, గోడ, తన నెరిసిన తల, అన్నీ వంగి అందులో కనబడ్డాయి. ఇక మిగిలింది పేరున్న జానెడు మేర.

గరుకు కాగితం మడిచి పట్టుకున్నాడు. కాగితం పెట్టేముందు ఉన్న గీతలు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. వాటికి అడ్డంగా రుద్దాలి. ఇది అతనికి అన్నం కలుపుకునే అలవాటు లాంటిది. బిందెను ఎండకు వాల్చి చూశాడు. ఇంకో వైపు వాల్చాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

అక్కడ గీతల్లేవు.

ఇటికపొడి పెట్టి తోమితే సుడులు సుడులుగా గీతలుంటాయి. బిందె మిగతా ఒంటి మీద అవి ఉండేవి, తనే తీశాడు. పీచుతో తోమినా ఉంటాయి, మట్టితో తోమినా ఉంటాయి. గీత లేకుండా లోహాన్ని అరగదీసేది ఒక్కటే. కొడవలి పిడి అట్లా అరుగుతుంది, బండి హ్యాండిలు అట్లా అరుగుతుంది. వేళ్లకు. ఒకటి రెండు సార్లు ముట్టుకుంటే రాదు ఆ నునుపు. ఏళ్ల తరబడి, వేరే పనేమీ లేనట్టు, అక్షరం వెంట అక్షరం తడిమితే వస్తుంది.

ఆవిడకు చదవడం రాదు. కొడుకు చదివితే గాని ఏ గిన్నె మీద ఎవరి పేరో తెలియదు. ఈ ఒక్కటీ వేలితో నేర్చుకుంది.

తను మోసపోయింది ఇత్తడి దగ్గర కాదు. ఇత్తడి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ మీద కోపంతో చూశాడు కాబట్టి, జీవితమంతా చదివిన చదువు ఆ పూట మరిచాడు. మడిచిన కాగితాన్ని మేకుకు గుచ్చాడు. బిందెను దాచేసి, ఎవరో ఎత్తుకుపోయారని చెబితే ఏమవుతుందని కూడా ఆలోచించాడు. ఇక్కడుంటే మెరుస్తూ ఉంటుంది. అక్కడుంటే అరుగుతుంది, ఏదో ఒకనాటికి ఆ వేలి కింద పేరు మొత్తం పోతుంది. ఆ పోవడం వేరు.

మెత్తటి గుడ్డతో, చక్రం తగలకుండా, పేరు చుట్టూ చేత్తోనే మెరుగు పెట్టాడు.

కబురందగానే కోటేశ్వరమ్మ వచ్చింది. ఎండలో గుడ్డ మీద పెట్టిన బిందెలో తన మొహం చూసుకుని ఒకడుగు వెనక్కి వేసింది. తర్వాత మెడ దగ్గర చూసింది.

"ఏందిరా ఇది? తియ్యమంటే ఇంకా బాగా కనపడేట్టు చేశావా?"

"కనపడితే నీకేంది? నీకు చదవటం రాదుగా."

"రాకపోతే? ఇదేగా దాని పేరు!" అంటూ ఆవిడ బొటనవేలు మొదటి చుక్క మీద ఆనింది. అక్షరం ఒంపులు తిరిగి చివరిదాకా పోయింది. వేలు అలా పోయిన సంగతి ఆవిడకు తెలియదు.

"పెళ్లికి కొత్త బిందె తే. దాన్ని మెరిపించి ఇస్తా. ఇది సారెలో పెట్టమాక."

"మరి దీన్నేం చెయ్యమంటావు?"

"ఇన్నాళ్లూ ఏం చేశావో అదే చెయ్యి."

ఆవిడ వేలు ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని చెంగులో పెట్టుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"బిందే చెప్పింది."

ఆటోవాడు హారను కొట్టాడు.

"ఆ రోజు సామాను..." అంది ఆవిడ.

"ఆ మాట ఎత్తమాక అత్తా. దాన్ని నేను వదల్లా. వదలను."

"వదలమాకలే. మా అన్న పోలికే, యాడికి పోద్ది? నాలుక కూడా ఉప్పు కాగితమే మీకు."

అద్దం చేసిన ఇత్తడిని వేళ్లతో ముట్టుకోకూడదు. చెమటకు మరకలు పడతాయి. ఆ మాట అతను అందరికీ చెప్పి, వస్తువును పాత పంచెలో చుట్టి ఇస్తాడు. బిందెనూ చుట్టాడు, అడుగు నుంచి మూతి దాకా. పేరున్న మేర మాత్రం గుడ్డ పక్కకు లాగి ముడేశాడు.

"అది బయటికి కనపడతందిరా, కప్పు," అంది ఆవిడ.

"ఉండనీ. ఆటోలో చెయ్యి ఊరికే పెట్టుకుని కూర్చోలేవుగా."

లోపలికి పోయి చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఆవిడకిచ్చాడు. తాగిందాకా అక్కడే నిలబడ్డాడు.