రెండు రోజుల లేబర్

"కూర్చుని మీటలు నొక్కడం కూడా ఒక పనేనా?" అనేది మా అత్తగారు, ద్రాక్షాకుల గిన్నె నా ముందుకు తోస్తూ. ఆకుల్లో అన్నం చుట్టి, చేతులు కడుక్కుని, మళ్ళీ టైపు మిషన్ దగ్గరికి వెళ్ళేదాన్ని. కడికోయ్ రేవు పక్కన మూడో అంతస్తు ఇల్లు, కిటికీలోంచి ఫెర్రీ కూతలు, రిబ్బన్ సిరా వాసన. నాకప్పుడు ముప్ఫై ఏళ్ళు. ఇప్పటికీ ఆ రోజులంటే ప్రాణం లాగుతుంది.

మా ఆయన రెఫిక్ ఇంగ్లీషు నవలలు టర్కిష్‌లోకి అనువాదం చేసేవాడు. చేతిరాత తనది, టైపు నాది. టైపు కొడుతూ వాక్యాలు సరిదిద్దేది నేనేనని మా ఇద్దరికే తెలుసు. పుస్తకం మీద తన పేరే ఉండేది.

ఓసారి ఒక పొలం కూలిమనిషి కథ వచ్చింది. ఆమె 'లేబర్' రెండు రోజులు సాగిందని ఇంగ్లీషులో ఉంది. రెఫిక్ 'రెండు రోజులు చాకిరీ చేసింది' అని రాశాడు.

"రెఫిక్, ఇది చాకిరీ కాదు. పురిటి నొప్పులు."

"ఆ మాటకి నాలుగర్థాలున్నాయి మెలాహత్. కూలిమనిషి కదా, చాకిరీయే. నువ్వు టైపు చూసుకో తల్లీ."

నాలుగూ నాకూ తెలుసు. ఒకటి మాత్రం ఒంటితో తెలుసు. ఎస్కిషెహిర్‌లో మా అమ్మింట్లో, రెండు రోజులు మంచం పట్టె పట్టుకుని ఉన్నాను. అమ్మ నా నడుం రాస్తూనే ఉంది. పుట్టిన పాప ఏడవలేదు. మూడో రోజు రైలు దిగి వచ్చిన రెఫిక్, నొప్పులు ఎంతసేపు పడ్డావని ఎప్పుడూ అడగలేదు. ఇక ఆ మాట తనకెలా తెలుస్తుంది?

'నొప్పులు' అని కొట్టాను. ఆగలేక పేజీ మొత్తం తిరగరాశాను.

వారం తర్వాత ప్రచురణకర్తల ఆఫీసుకి ఇద్దరం వెళ్ళాం. సంపాదకురాలు నెజిహే గారు ఆ పేజీ దగ్గర ఆగిపోయింది.

"మగవాళ్ళు ఇలా రాయగా చూడలేదు రెఫిక్ గారూ. ఎలా పట్టుకున్నారు?"

రెఫిక్ టీ గ్లాసు తిప్పుతూ, "అనుభవం," అన్నాడు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత అమ్మ చేతులు గుర్తొచ్చాయి.

"ఆ పేజీ నేను రాశానండీ," అన్నాను.

నెజిహే గారు లేచి, అల్మరాలోంచి ఒక సన్నటి నవల తీసి నా చేతికిచ్చింది. "ఇది మీరు చెయ్యండి."

ఫెర్రీ దిగబోతూ రెఫిక్, "పాపప్పుడు... రెండు రోజులా?" అన్నాడు.

"రెండు రోజులు."

మర్నాడు పొద్దున ఎప్పట్లాగే తను రాసిన కాగితాలు మిషన్ పక్కన పెట్టాడు. వాటిని తీసుకెళ్ళి తన బల్ల మీదే పెట్టేశాను. తెల్లకాగితం ఎక్కించి, 'అనువాదం' అని కొట్టి, దాని కింద నా పేరు కొట్టాను.