బర్నబాస్ చెప్పిన ఐదో అంకం

లక్ష్మీపతి బి.ఏ. ఇంగ్లీషు పేపరు రెండుసార్లు తప్పాడు. మిగతావన్నీ ఎలాగో గట్టెక్కాయి, ఇదొక్కటే పట్టుకుని వదల్లేదు. అందులోనూ ఆ నాటకం. ఎప్పుడో కొన్ని వందల ఏళ్ల కిందట ఎవరో దొరలు ఏడ్చిన ఏడుపుకు, పెద్దపంజాణి దగ్గర శెనక్కాయలు పండించుకునే వాళ్ల పిల్లోడు ఎందుకు మార్కులు పోగొట్టుకోవాలో ఆ పుస్తకం పెట్టినవాళ్లకే తెలియాలి. తెరిస్తే చాలు, అంతా పాతకాలపు ఇంగ్లీషు, దౌ అంటారు, దీ అంటారు, హాత్ అంటారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మాట మాటకీ అర్థం రాసుకున్నా వాక్యానికి తలా తోకా దొరకదు. మూడో వరుసకే కునుకు వచ్చేది.

తండ్రి మునిస్వామి తేల్చి చెప్పేశాడు. "ఈతూరి గూడా తప్పితే ఇంటికొచ్చి మడక పట్టి చేను దున్ను. పాసైతే అయివారి పనికి పోదువు, నేను అడ్డం రాను."

అది డెబ్బై ఏడో సంవత్సరం. బడిలో పంతులు కావాలన్నది తప్ప లక్ష్మీపతికి ఇంకో ఆశ లేదు. మదనపల్లెలో చిన్న గది తీసుకుని తనంతట తానే చదువుకుంటున్నాడు. పరీక్ష రెండు నెలలుందనగా కాలికి గాజుపెంకు గుచ్చుకుని మిషన్ ఆస్పత్రికి పోయాడు. వరుసలో కూర్చున్నంత సేపూ చేతిలో ఆ పుస్తకమే.

కట్టు కట్టడానికి వచ్చిన ముసలాయన పేరు బర్నబాస్. ఆ ఆస్పత్రిలో గాయాలు కడిగి కట్లు కట్టే పనిలో తల నెరిసిపోయిన మనిషి. చదివింది ఐదో తరగతి. కట్టు ముడి వేస్తూ పుస్తకం వైపు చూసి, ఆ పుటలో మొదటి నాలుగు వరుసలు తడబడకుండా పైకి చదివేశాడు. చదివి ఊరుకోకుండా అర్థం కూడా చెప్పాడు.

లక్ష్మీపతి నోరు తెరిచాడు. "మీకెట్లా వస్తుంది సార్?"

"ఇది మా దొరసానులు ప్రార్థన చేసే భాష నాయనా. చిన్నబిడ్డప్పట్నుంచి పొద్దు పొద్దున్నే వింటాండాను గదా. ఇప్పుటి ఇంగ్లీషే నాకు రాదు, ఈ పాతదైతే వస్తాది." అని, ముడి బిగించి, "నన్నెవురూ సార్ అనలేదప్పా ఇంతవరకూ" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచే చదువు మొదలైంది. ఆస్పత్రి వెనక వరుస ఇళ్లలో బర్నబాస్‌ది చివరిది. కూతురు సువర్ణ అక్కడే నర్సు. ఆమె ఇచ్చిన టీ మొదటిరోజు తాగాలా వద్దా అని లక్ష్మీపతి తటపటాయించాడు, నాలుగో రోజుకు రెండో గ్లాసు కూడా అడిగి తాగాడు. బర్నబాస్ నాటకాన్ని కూర్చుని చదివేవాడు కాదు. ఆ భాష ఆయన నోట ఎప్పుడూ దేవుడి ముందరే పలికింది మరి. పుస్తకం బల్ల మీద పెట్టి, లేచి నిలబడి, చేతులు కట్టుకుని చదివేవాడు. పుట అయ్యేసరికి అలవాటు కొద్దీ "ఆమెన్" అనేవాడు. హంతకుడు కత్తి నూరుకునే చోట కూడా ఆమెన్ అనేసరికి సువర్ణ లోపల పగలబడి నవ్వేది. నవ్వితే నవ్వారు గానీ, రెండేళ్లుగా లక్ష్మీపతికి ఎక్కని చదువు అలా ఎక్కేసింది. రాతిగోడలాంటి ఆ వాక్యాల వెనక మనుషులు కనబడసాగారు.

కథ ఒక కోటదొరది. కొడుకు తండ్రి మాట మీరి శత్రువుల ఇంటి పిల్లను పెళ్లాడి వెళ్లిపోతాడు. కొన్నేళ్లకు అన్నీ పోగొట్టుకుని తిరిగొచ్చి, కోట తలుపు ముందు మోకాళ్ల మీద పడి తప్పు కాయమంటాడు. నాలుగో అంకం అక్కడికి ముగుస్తుంది. ఐదో అంకంలో ఏమవుతుందన్నదే ప్రతి ఏడూ పరీక్షలో అడుగుతారు, పదిహేను మార్కులకు.

ఒక ఆదివారం ఏదో సందేహం అడగడానికి లక్ష్మీపతి చర్చి దగ్గరికే పోయాడు. కిటికీలోంచి చూస్తే జనమంతా ముందుకు పోయి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటున్నారు. బర్నబాస్ ఒక్కడూ వెనక బెంచీలో కదలకుండా కూర్చుని ఉన్నాడు. బయటికి వచ్చాక ఎందుకు పోలేదని అడిగితే, "మోకాళ్ల నొప్పులు నాయనా" అన్నాడు. గంటలకొద్దీ నిలబడి నాటకం చదివే మనిషికి మోకాళ్ల నొప్పులేమిటని లక్ష్మీపతికి తట్టలేదు. అతని బుర్ర నిండా పరీక్షే.

ఐదో అంకం దగ్గరికి వచ్చేసరికి ఆయన నాన్చడం మొదలుపెట్టాడు. ఇవాళ తలనొప్పి అన్నాడు. రేపు చూద్దామన్నాడు. పరీక్ష రేపనగా పుస్తకం తెరిచి చాలాసేపు చూసి, మూసేశాడు.

"ఇంకేముండాదిలే. తండ్రి తలుపు తీసినాడు. లోపలికి రా నాయనా అనినాడు. కొడుకు వచ్చినాడు."

"విషాద నాటకం గదా సార్?"

"ఇద్దురూ పట్టుకోని ఏడ్సినారు. అదే విషాదం."

ఆ రోజు ఆయన ఆమెన్ అనలేదు.

లక్ష్మీపతి పరీక్షలో నాలుగు పుటలు రాశాడు. తండ్రి తలుపు తీయడం, కొడుకుని లేవదీయడం, ఇద్దరూ ఏడవడం, అంతా కళ్లకు కట్టినట్టు. రాస్తూ తనే కళ్లు తుడుచుకున్నాడు. బయటికి వచ్చి తోటి విద్యార్థి రామమూర్తితో ఆ మాట అంటే అతను వింతగా చూశాడు.

"యాడ తీసినాడప్పా తలుపు? ఆ ముసలోడు ఒక్క మాట గూడా అనకుండా లోపలికి ఎలబారిపోతాడు గదా. తెల్లారేసరికి కొడుకు తలుపు కాడే చచ్చిపడుంటాడు. నాటకమంతా దానికే గదా."

లక్ష్మీపతి అక్కడి నుంచి నేరుగా ఆస్పత్రి వెనకింటికి పోయాడు.

"మీకు అర్థం కాలేదా, అబద్ధం చెప్పినారా?"

బర్నబాస్ తల ఎత్తలేదు. "అర్థమయింది నాయనా. నోటికి రాలేదు." గోడకున్న ఒక కుర్రవాడి ఫోటో వైపు చూశాడు. "మా పాల్. నా మాట ఇనకుండా కుప్పం పోయి ఆడ పెండ్లి చేసుకున్న్యాడు. మూడేండ్లకు వచ్చి ఈ తలుపుకాడే నిలబడినాడు. నేను పలకలేదు. తిరిగి పోయినాడు. ఆడ రాతి గనిలో రాయి మీదపడి..." అక్కడ ఆపాడు. "పుస్తకంలో ఉండేది నీకు చెప్పల్లంటే నా నోటితో అదంతా మళ్లా చెప్పల్ల గదా. నీ బతుకుతో ఆడుకున్న్యాను. తప్పు. నన్ను మన్నించినానని ఒక మాట అను నాయనా."

జాలి పడాల్సిన మాటే. కానీ లక్ష్మీపతికి ఆ ఫోటో కంటే, మడక పట్టుకున్న తన చేతులే కనిపించాయి.

"నిన్ను సార్ అనింది నాదే తప్పు" అన్నాడు. ఆయన అడిగిన దానికి జవాబు చెప్పలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాడు. తలుపు దగ్గర సువర్ణ పిలిచినా పలకలేదు.

అనుకున్నట్టే తప్పాడు. మునిస్వామి ఒక్క మాట అనలేదు, మడక ఎక్కడుందో చూపించాడు.

మరుసటి నెలలో ఒక కార్డు వచ్చింది. పెన్సిలుతో వంకర అక్షరాలు. "వచ్చే మొదటి ఆదివారం మా గుడిలో రొట్టె ఇచ్చే ఆరాధన. దానికి ముందర ఒక్కసారి వచ్చి కనబడిపో నాయనా. బర్నబాస్." మునిస్వామి చదివించుకుని విని, "మనల్ని వాళ్ల మతంలో కలుపుకునేదానికి పిలస్తాండారు, పోమాక" అన్నాడు. లక్ష్మీపతికీ అలాగే తోచింది. చేసింది చాలక ఇదొకటా అని ఒళ్లు మండి, కార్డును కొట్టంలో చూరులోకి దోపాడు. ఆ తర్వాత నెలకొకటి చొప్పున అలాంటివి ఇంకో ఏడు వచ్చాయి. అన్నిట్లోనూ అదే ఆదివారం, అదే మాట. అన్నీ చూరులోకే పోయాయి. తర్వాత రావడం మానేశాయి.

డెబ్బై తొమ్మిదిలో టమాటా గంపలతో మదనపల్లె సంతకు పోయినప్పుడు సువర్ణే ఎదురుపడింది. మనిషి చిక్కిపోయింది. లక్ష్మీపతి తప్పుకుపోబోయి, ఆగాడు. "సార్ బాగుండాడా?" అనేశాడు. కోపం ఎప్పుడు చల్లారిందో అతనికే తెలియదు, నోటికి మళ్లీ సార్ అనే వచ్చింది.

"పోయి నాలుగు నెలలయింది" అంది. "కార్డులు అందలేదా?"

"అందినాయి. గుడికి పిలస్తాండాడని..."

సువర్ణ అతని మొహంలోకి చూసింది, ఇతనికి నిజంగానే తెలియదని అర్థమైనట్టుంది. "గుడికి గాదప్పా. మాలో ఒక కట్టడి ఉండాది. ఎవురితోనైనా తగువుంటే, వాళ్లచేత మన్నించినానని అనిపించుకోకుండా ఆ రొట్టె ముట్టకూడదు. మా అన్న పోయినప్పట్నుంచీ నాయన ముట్టలేదు. అన్నను అడిగేదానికి మనిషి లేడు. నువ్వుండావు గదా. నీ నోటితో ఆ మాట వింటే అన్న గూడా అన్నట్టేనని అనుకున్న్యాడు. ప్రతి మొదటి ఆదివారం పొద్దున్నే తెల్లగుడ్డలు కట్టుకోని తలుపుకాడ కూసునేవాడు, గంట కొట్టేదాకా."

లక్ష్మీపతి గంపలు అక్కడే వదిలేసి సంత గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చూరులోని ఎనిమిది కార్డులూ కళ్ల ముందు ఆడాయి. ముసలోడు ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోతాడని రామమూర్తి చెప్పింది అప్పుడు, ఆ సంతలో, అతనికి అర్థమైంది. ఆ నాటకంలో తను కొడుకు అనుకున్నాడు ఇన్నాళ్లూ, పలకకుండా పోయిన ముసలి దొర తనే.

"యాడ పెట్టినారు సార్‌ని?"

"కుప్పంలో. అన్న పక్కన పెట్టమనినాడు."

మర్నాడే పుంగనూరులో బస్సు మారి, దారిలో మళ్లీ ఇంకో బస్సు మారి, మధ్యాహ్నానికి కుప్పం చేరాడు. క్రైస్తవుల శ్మశానం ఊరి బయట రాతి గని దారిలో ఉంది. రెండు మట్టి దిబ్బలు, రెండు చెక్క సిలువలు. పాల్ దిబ్బ మీద గడ్డి మొలిచింది, రెండోదాని మీద ఇంకా లేదు.

మన్నించినాను సార్ అన్నాడు. గాలికి ఆ మాట తన చెవికే సరిగా వినిపించలేదు. ఇంత చిన్న మాటకా రెండేళ్లు అని ఏడుపొచ్చింది, వెక్కివెక్కి ఏడ్చాడు.

తర్వాత సంచిలోంచి పుస్తకం తీశాడు. లేచి నిలబడి ఐదో అంకం మొదటి నుంచి చదివాడు, ఆయన చదివినట్టే ఒక్కో వరుసా, వెంటనే తెలుగులో అర్థం. ఇప్పుడు ఒక్క మాటకీ తడుముకోలేదు. ముసలి దొర మెట్లు దిగుతాడు. కొడుకు తలుపు అవతల మోకాళ్ల మీద ఉంటాడు. దొర వింటాడు. పలకకుండా వెనక్కి తిరిగిపోతాడని ఆ పుటలో స్పష్టంగా ఉంది.

లక్ష్మీపతి ఆ వరుస చదవలేదు. పుస్తకం మూసి, రెండు దిబ్బల వైపూ చూస్తూ చెప్పాడు.

"తండ్రి తలుపు తీసినాడు సార్. లోపలికి రా నాయనా అనినాడు. కొడుకు వచ్చినాడు." ఆగి, చేతులు కట్టుకుని, "ఆమెన్" అన్నాడు.